పెళ్లికూతురి ఫైలు

మాఘమాసం వచ్చిందంటే మహానందిలో పెళ్లి మేళాలు వినిపిస్తూనే ఉంటాయి. నంద్యాల నుంచి అరగంట, మహా అయితే ముప్పావుగంట ప్రయాణం. నల్లమల కొండల కింద గుడి, గుడి ఆవరణలో కోనేరు, అడుగున పడ్డ గుండుసూది కూడా కనిపిస్తుందని చెప్పుకొనే తేట నీళ్లు. చుట్టూ ఎండలకు మాడే సీమ ఉన్నా ఇక్కడి ఊట ఏడాది పొడవునా ఆగదు. గుండాలు దాటిన నీళ్లు కాలువలై అరటి తోటలకు పారుతాయి. మహానందీశ్వరుడి సన్నిధిలో తాళి కట్టిస్తామని మొక్కుకున్న ఇళ్లు నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల్లో తక్కువేం కాదు.

అలాంటి ఇంట్లో ఒక అమ్మాయికి అమెరికా పౌరసత్వం ఉన్న అబ్బాయితో సంబంధం కుదిరిందనుకుందాం. తాంబూలాలు పుచ్చుకున్నారు. అమ్మాయిని కె-1 వీసా మీద, అంటే అందరూ ఫియాన్సీ వీసా అని పిలిచే దాని మీద తీసుకెళ్లాలని రెండు వైపులా అనుకున్నారు. ఇక మహానందిలో పెళ్లి మాట పక్కన పెట్టాల్సిందే. ఆ వీసా పెళ్లి కానివాళ్లకే ఇస్తారు. ఇక్కడ మూడు ముళ్లు పడ్డాయంటే ఆమె అమెరికా చట్టం దృష్టిలో భార్య. ఆమె దారి వేరు, నింపాల్సిన ఫారాలు వేరు, పట్టే కాలం వేరు.

ఈ తేడా ముందుగా తెలియక మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేసి మళ్లీ మొదటికి వచ్చే కుటుంబాలు ఉంటాయి. ఇంకో అపోహ కూడా బాగా ఉంది. అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తుంటే చాలు, ఫియాన్సీ వీసా వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. మన జిల్లాల నుంచి వెళ్లిన కుర్రాళ్లలో చాలామంది హెచ్-1బి మీద పనిచేస్తున్నవాళ్లు. వాళ్లు పెళ్లి చేసుకుని, వివాహ ధ్రువపత్రం పెట్టి, భార్యను హెచ్-4 మీద తీసుకెళ్లాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కూడా ఫియాన్సీ కోసం దరఖాస్తు పెట్టే హక్కు లేదు. పెళ్లి చేసుకుని భార్య పేరున పిటిషన్ వేసి వరసలో నిలబడాలి. కె-1 పిటిషన్ వేయగలిగింది అమెరికా పౌరులు మాత్రమే. కనుక అమ్మాయి తండ్రి మొదట అడగాల్సింది అబ్బాయి జీతం ఎంతని కాదు, అతని పాస్‌పోర్టు ఏ దేశానిదని.

ఈ వీసా వెనక యుద్ధాల చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక విదేశాల్లో మనసిచ్చిన అమ్మాయిలను అమెరికా సైనికులు తెచ్చుకోవడానికి 1946లో ఒక తాత్కాలిక చట్టం చేశారు. మూడు నెలల గడువుతో రానిచ్చి, ఆలోగా పెళ్లి చేసుకోమన్నారు. వియత్నాం యుద్ధం నడుస్తుండగా 1970 ఏప్రిల్‌లో అది శాశ్వత వీసా అయింది. వలస చట్టంలో దాన్ని ‘కె’ అనే అక్షరం కింద చేర్చారు కాబట్టి ఆ పేరు వచ్చింది. నేటికీ గడువు అదే: అమెరికా నేల మీద దిగిన 90 రోజుల్లో పెళ్లి జరగాలి.

తెలుగువాళ్ల వైపు నుంచి చూస్తే ఇలాంటి దారి ఒకటి ఉండడమే కొత్త. శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. 1948లో ఆయన కన్నుమూసేదాకా ఆ దంపతులు మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు. ఆయన వెళ్లిన 1923లోనే, ఫిబ్రవరిలో, భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులకు అమెరికా పౌరులయ్యే అర్హత లేదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అడ్డు 1946లో తొలగినా ఏడాదికి వందమంది భారతీయులకే వలస అవకాశం ఇచ్చారు. తలుపు నిజంగా తెరుచుకున్నది 1965 చట్టం తర్వాతే.

మరో దేశంలో మరో చేదు జ్ఞాపకం ఉంది. 1979 జనవరిలో కాబోయే భర్తను పెళ్లాడేందుకు లండన్ చేరిన ఒక భారతీయ ఉపాధ్యాయినికి హీత్రూ విమానాశ్రయంలో వలస అధికారులు ‘కన్యత్వ పరీక్ష’ చేయించారు. ఆమె చెప్పిన మాటను నమ్మకపోవడమే కారణం. గార్డియన్ పత్రిక ఆ సంగతి బయటపెట్టాక గానీ ఆ పద్ధతి ఆగలేదు. పెళ్లి కోసం పరదేశం వెళ్లే అమ్మాయి తన మాటను తానే రుజువు చేసుకోవాల్సి రావడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఇప్పుడు ఆ రుజువును కాగితాల్లో అడుగుతారు. ఆ కాగితాలు సిద్ధం చేసుకునే అవకాశం ఆమెకే ఉంటుంది, అదొక్కటే ఊరట.

పని నడిచే తీరు ఇది. అమెరికాలో అబ్బాయి ఐ-129ఎఫ్ అనే పిటిషన్ వేస్తాడు. 2024 ఏప్రిల్ నుంచి దాని రుసుము 675 డాలర్లు. అక్కడి పౌరసత్వ, వలస సేవల సంస్థ దాన్ని పరిశీలించడానికి నెలల తరబడి పడుతుంది. ఆమోదం వచ్చాక ఫైలు జాతీయ వీసా కేంద్రానికి వెళ్తుంది. అక్కడ కేసు నంబరు పడుతుంది. మనవాళ్ల నంబరు ‘బీఎంబీ’ అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. అది బొంబాయికి గుర్తు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 2023లో తెరిచిన పెద్ద కాన్సులేట్ భవనం ఉన్నా ఈ పనికి అక్కడికి వెళ్లడం కుదరదు. కె-1 ఇంటర్వ్యూకు ముంబైలోని బాంద్రా కుర్లా కాంప్లెక్సులో ఉన్న కాన్సులేట్‌కు వెళ్లాల్సిందే. అమ్మాయి డీఎస్-160 ఫారం ఆన్‌లైన్‌లో నింపి, 265 డాలర్ల వీసా రుసుము కట్టి, ఇంటర్వ్యూ తేదీ తీసుకోవాలి. ఆమోదించిన పిటిషన్‌కు చెల్లుబాటు నాలుగు నెలలే. అది దాటితే పొడిగించే అధికారం కాన్సులేట్‌కు ఉంది. రుసుములు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజున అధికారిక వెబ్‌సైటులో చూసుకునే కట్టాలి, పక్కింటివాళ్లు చెప్పిన లెక్క పనికిరాదు.

అంటే పిటిషన్ వేసిన రోజు నుంచి ముంబై పిలుపు వచ్చేదాకా చేతిలో బోలెడు కాలం ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ కాలమంతా నగలకు, చీరలకు పోతుంది. పిలుపు వచ్చాక హడావుడి మొదలవుతుంది. అప్పుడు బయటపడుతుంది, జనన ధ్రువపత్రంలో పేరే లేదని.

ఇది అతిశయోక్తి కాదు. పిల్ల పుట్టగానే ఆసుపత్రి నుంచి పంచాయతీకో మున్సిపాలిటీకో సమాచారం వెళ్తుంది. అప్పటికి ఇంకా బారసాల కాలేదు, పేరు పెట్టలేదు. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసి, బిడ్డ పేరు గడి ఖాళీగా వదిలేస్తారు. తర్వాత ఎవరూ వెళ్లి రాయించరు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు రాసుకున్న పేరు, తేదీ పదో తరగతి మెమోలోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి ఆధార్, పాస్‌పోర్టు అన్నీ ఆ మెమోనే పట్టుకుని నడుస్తాయి. పాతికేళ్ల తర్వాత ముంబై అధికారి ముందు పెట్టిన జనన ధ్రువపత్రంలో మాత్రం ఫలానా వారి ఆడశిశువు అని ఉంటుంది. బడిలో వయసు సరిపెట్టడానికి పుట్టినరోజును జూన్‌కో జూలైకో జరిపిన ఇళ్లలో తేదీ కూడా తేడా వస్తుంది.

కాన్పుకు అమ్మమ్మ ఊరు వెళ్లి, మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లల విషయంలో అసలు నమోదే ఉండకపోవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఆలస్యపు నమోదుకు దారి ఉంచింది. ఏడాది దాటిన పుట్టుకకు పూర్వం మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకో, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుకో, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకో ఉంది. మనవైపు ఆ పని కోసం గ్రామ సచివాలయం, తహసీల్దారు కార్యాలయం, ఆర్డీవో కార్యాలయం తిరగాలి. ఏ మార్గమూ లేకపోతే నమోదు దొరకలేదని తెలిపే ధ్రువపత్రం తీసుకుని, దానికి పదో తరగతి మెమో, పెద్దల అఫిడవిట్లు జతచేస్తారు. ఏ దారిన వెళ్లినా వారాల పని. పిలుపు వచ్చాక మొదలుపెడితే అందదు. జనన ధ్రువపత్రం తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువాదం సరైనదని, తనకు రెండు భాషలూ వచ్చని రాసి అనువాదకుడు సంతకం పెట్టాలి.

పేరు సంగతి ఇంకా చిక్కు. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. బళ్లో ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాస్తారు. అమ్మవారి పేరు పెట్టుకున్న ఒక అమ్మాయినే తీసుకుందాం. మెమోలో ‘సి. కామేశ్వరి’. ఆధార్‌లో ‘కామేశ్వరి సి’. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, అంతా కలిపి పేరు గడిలో రాశారు. అమెరికా వీసా విధానం ప్రకారం పాస్‌పోర్టులో ఒకే గడి నిండి ఉంటే ఆ పేరును ఇంటిపేరుగా తీసుకుని, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వేస్తారు. పేరు తెలియదు అని దాని అర్థం. అమెరికా వెళ్లాక బ్యాంకులోనూ, డ్రైవింగ్ లైసెన్సులోనూ ఆ మూడక్షరాలే ఆమె పేరుగా వెంటాడుతాయి. తల్లిదండ్రులు ముద్దుగా పెట్టుకున్న పేరు తెలియదని ఒక కార్డు మీద అచ్చవడం చిన్న బాధ కాదు. పిటిషన్ వేయకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడగొట్టి రాయించుకుంటే ఈ గొడవ ఉండదు. పిటిషన్ వేశాక మాత్రం పేరు మార్చే ఆలోచన పెట్టుకోవద్దు. పిటిషన్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో మరో పేరు వస్తాయి. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకోవాలనుకుంటే పెళ్లయ్యాకే పెట్టుకోవచ్చు.

పేరు, తేదీ సరిపోయినా, ఊరు కుదరాలి. ఇది సీమవాళ్లకు ప్రత్యేకంగా వచ్చిన చిక్కు. మహానందిలో 1998లో పుట్టిన పిల్ల కర్నూలు జిల్లాలో పుట్టింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అదే ఇల్లు నంద్యాల జిల్లాలో ఉంది. జనన ధ్రువపత్రంలో ఒక జిల్లా, కొత్త ఆధార్‌లో ఇంకో జిల్లా. కడపవాళ్లకైతే ఇంకా ఎక్కువ. పాత కాగితాల మీద బ్రిటిషువాళ్లు రాసిన స్పెల్లింగు, 2005 నుంచి ఇప్పటి స్పెల్లింగు, 2010లో వైఎస్సార్ జిల్లా, 2025లో వైఎస్సార్ కడప జిల్లా. ఇవన్నీ ఒకటేనని మనకు తెలుసు, కిటికీ అవతల కూర్చున్న అధికారికి తెలియాలని లేదు. డీఎస్-160లో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, తేడా ఎందుకొచ్చిందో ఒక్క పేజీలో వివరించి దగ్గర పెట్టుకుంటే అడిగినప్పుడు తడబడాల్సిన పని ఉండదు. పేర్లు, తేదీల్లో తేడాలకు రెండూ ఒకే మనిషివని తెలిపే నోటరీ అఫిడవిట్ చేయించుకోవడం మన దగ్గర వాడుకే.

పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ పాస్‌పోర్టు కార్యాలయం ఇస్తుంది. రుసుము 500 రూపాయలు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, కర్నూలు లేదా కడప తపాలా కార్యాలయాల్లోని పాస్‌పోర్టు సేవా కేంద్రాల వంటి చోట హాజరవ్వాలి. ఆ తర్వాత స్థానిక స్టేషను నుంచి విచారణకు వస్తారు. ఉద్యోగం బెంగళూరులో, పాస్‌పోర్టు చిరునామా మహానందిలో ఉన్న అమ్మాయిలు ఇక్కడ ఇరుక్కుంటారు. విచారణకు వచ్చినప్పుడు మనిషి అక్కడ ఉండదు. ప్రస్తుతం ఉంటున్న చిరునామాతోనే దరఖాస్తు పెట్టడం మేలు. ఇంకొక ముఖ్యమైన సంగతి, పదహారేళ్లు నిండాక ఏ దేశంలోనైనా ఆరు నెలలో అంతకు మించో ఉంటే ఆ దేశపు పోలీసు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లి వచ్చిన కుటుంబాలు ఎన్నో. అక్కడ చదువుకున్న, పనిచేసిన అమ్మాయి కువైట్ సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. ఇక్కడ కూర్చుని అది తెప్పించడం ఒక్కరోజులో అయ్యేది కాదు, ఎదురుచూసే కాలంలో మొట్టమొదట చేయాల్సిన పని అదే.

ముందొక పెళ్లి జరిగి విడిపోయినవాళ్లైతే కోర్టు డిక్రీ ధ్రువీకరించిన నకలు కావాలి. పెద్దమనుషుల పంచాయతీలో రాసుకున్న విడాకుల కాగితం ఇక్కడ ఊళ్లో చెల్లినా, అక్కడ నమ్ముకోవడానికి లేదు.

ఇక అసలైన రుజువు, ఇద్దరూ నిజంగా ఒకరికొకరు తెలుసా అన్నది. పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో ఇద్దరూ కనీసం ఒకసారి ముఖాముఖి కలిసి ఉండాలి. పెళ్లికి ముందు వధూవరులు చూసుకోకూడదనే కఠినమైన ఆచారం ఉంటేనో, కలవడం తీవ్రమైన కష్టమైతేనో మినహాయింపు అడగొచ్చు గానీ, పెళ్లిచూపులు ఉన్న మన ఇళ్లకు అది వర్తించదు. అబ్బాయి పాస్‌పోర్టులో మన దేశపు ముద్ర, విమానం బోర్డింగ్ పాసు, ఇద్దరూ కలిసి ఉన్న ఫోటోలు, ఇరువైపుల పెద్దలు కనిపించే ఫోటోలు, ఫోను కాల్స్, మెసేజీల వివరాలు ఈ రుజువు కిందకు వస్తాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లి అని చెప్పడానికి సంకోచపడక్కర్లేదు. పెళ్లిళ్లు మన దగ్గర అలాగే జరుగుతాయి. ఎవరు మధ్యవర్తిగా ఉన్నారు, ఎప్పుడు చూసుకున్నారు, ఎందుకు ఒప్పుకున్నారు అన్నవి జరిగింది జరిగినట్టు చెబితే చాలు.

నిశ్చితార్థం దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. మనవాళ్లు ఈ మధ్య నిశ్చితార్థాన్ని పెళ్లంత ఘనంగా చేస్తున్నారు. మండపం, పురోహితుడు, పట్టుచీర, దండలు మార్చుకోవడం, ఐదొందలమందికి భోజనాలు. ఆ ఆల్బమ్ చూసిన అధికారికి, పెళ్లి అయిపోయిందేమో, ఫియాన్సీనని అబద్ధం చెబుతోందేమో అన్న అనుమానం రావడానికి ఆస్కారం ఉంది. దక్షిణాసియా జంటలకు ఇలాంటి తిరస్కరణలు ఎదురైన మాట నిజం. లగ్నపత్రిక రాసుకున్న తంతు, తాంబూలాలు పుచ్చుకున్న తంతు అని ఫోటో వెనక రాసి పెట్టుకోండి. తాళి, తలంబ్రాలు, ఏడడుగులు జరగలేదని అమ్మాయి నోటితో స్పష్టంగా చెప్పగలగాలి.

వీసా కోసం ముందుగా రిజిస్టర్ చేయించి, పెళ్లి తర్వాత చేద్దామనే ఆలోచన ఇంకా ప్రమాదం. దీని మీద మన సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 19న డాలీ రాణి వర్సెస్ మనీష్ కుమార్ చంచల్ కేసులో తీర్పు చెప్పింది. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం అది. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఆచారంగా జరగాల్సిన క్రతువు జరగకుండా, ఒట్టి సర్టిఫికెట్‌తో హిందూ వివాహం ఏర్పడదని తేల్చింది. విదేశీ వీసాల వంటి అవసరాల కోసం ఇలా ముందస్తు రిజిస్ట్రేషన్లు చేయించుకోవడాన్ని ధర్మాసనం ప్రత్యేకంగా ప్రస్తావించి తప్పుపట్టింది. కె-1 కోరే అమ్మాయికి ఆ సర్టిఫికెట్ రెండు విధాలా చెరుపు చేస్తుంది. అమెరికా అధికారి దాన్ని చూసి పెళ్లయిందంటాడు, ఫియాన్సీ వీసా పోతుంది. రేపు కాపురంలో తేడా వస్తే ఇక్కడి కోర్టు పెళ్లే కాలేదంటుంది, భార్యగా హక్కులు పోతాయి.

డబ్బు, ఆరోగ్యం గురించి క్లుప్తంగా. అబ్బాయి ఐ-134 అనే ఆర్థిక హామీ పత్రం ఇవ్వాలి. పన్ను రిటర్నులు, ఉద్యోగ లేఖ జతచేయాలి. కె-1 దశలో అతని ఆదాయం అమెరికా ప్రభుత్వపు పేదరిక ప్రమాణానికి తగ్గకూడదు. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి 21,150 డాలర్లు. పెళ్లయి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసేటప్పుడు ఆ ప్రమాణానికి 125 శాతం చూపించాలి. వైద్య పరీక్ష కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు ఉంటాయి. టీకాలు ఈ దశలో తప్పనిసరి కాకపోయినా గ్రీన్‌కార్డు దశలో కావాలి, చిన్ననాటి టీకాల కార్డు ఇంట్లో ఉంటే వెతికి ఫైల్లో పెట్టండి. ఫోటో రెండంగుళాలు, రెండంగుళాలు, తెల్లటి నేపథ్యం, కళ్లద్దాలు తీసేయాలి. డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లు కూడా అడుగుతారు, మరచిపోయినవి కూడా గుర్తుచేసుకుని రాయాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అమ్మాయి తన గురించి చూపించాల్సినవి. అబ్బాయి గురించి ఆమెకు తెలియాల్సినవి కూడా చట్టంలో ఉన్నాయి. మన ఇళ్లలో ఎవరూ చెప్పనిది అదే. 2005లో అమెరికా తెచ్చిన ఒక చట్టం ప్రకారం, ఫియాన్సీ కోసం పిటిషన్ వేసే పౌరుడు గృహహింస, లైంగిక నేరాలు, ఇతర తీవ్ర నేరాల్లో తనకు పడిన శిక్షలను పిటిషన్‌లోనే రాయాలి. గతంలో ఇంకెవరికైనా ఇలా పిటిషన్ వేశాడా అన్నది కూడా చెప్పాలి. అలాంటి నేర చరిత్ర ఉంటే కాన్సులేట్ అధికారి దాన్ని అమ్మాయికి తెలియజేయాలి. ఆమెకు తన హక్కులు వివరించే పుస్తకం కూడా ఇవ్వాలి. భర్త హింసిస్తే ఎవరి సాయం అడగవచ్చో, పౌరసత్వం లేకపోయినా రక్షణ ఎలా దొరుకుతుందో అందులో ఉంటుంది. చాలామంది ఆ పుస్తకాన్ని కాగితాల అడుగున పెట్టేస్తారు. అది రెండుసార్లు చదవాల్సిన పుస్తకం.

ఈ వీసాలో ఇంకో కఠినమైన నియమం ఉంది. పిటిషన్ వేసిన మనిషినే పెళ్లాడాలి. దిగాక మనసు మారినా, అతను మారినా, అక్కడే ఉండి ఇంకో వీసాలోకి మారే వీలు ఉండదు, తిరిగి రావాల్సిందే. కాబట్టి ఇక్కడున్నప్పుడే విచారించుకోవాలి. అబ్బాయి పౌరసత్వ పత్రం నకలు, ముందు పెళ్లి ఉంటే విడాకుల డిక్రీ, ఉద్యోగం చిరునామా అడగడంలో తప్పేమీ లేదు. ఆస్తులు, జాతకాలు వాకబు చేసే ఇల్లు ఇది కూడా అడగొచ్చు. విదేశీ వివాహాల్లో మోసపోయిన స్త్రీల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. ఆ సంగతి కూడా అమ్మాయికి తెలిసి ఉండాలి.

ఫైలు నిండుగా ఉండాలన్న తొందరలో ఏజెంట్ల మాట విని లేని కాగితం పుట్టించడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. అబద్ధం పట్టుబడితే ఆ ఒక్క వీసాతో పోదు, ఆ మనిషికి అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోయే శిక్ష చట్టంలో ఉంది. లేని కాగితం గురించి ఎందుకు లేదో చెబితే అధికారి గడువిచ్చి మళ్లీ తెమ్మంటాడు. తప్పుడు కాగితానికి రెండో అవకాశం ఉండదు.

చివరగా ముహూర్తం. వీసా చేతికి వస్తే అది గరిష్ఠంగా ఆరు నెలలు చెల్లుతుంది, ఒక్కసారే ప్రవేశం. దిగిన రోజు నుంచి 90 రోజుల లెక్క మొదలవుతుంది. మన పంచాంగానికి వేరే లెక్క ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు, గురు శుక్ర మూఢాలు వస్తే ముహూర్తాలే ఉండవు. జూన్ చివర దిగిన అమ్మాయికి ఆషాఢం అడ్డు రావచ్చు, తర్వాత శ్రావణంలో చేసుకోవాలి. పురోహితుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పుట్టిన నక్షత్రంతో పాటు ఈ 90 రోజుల లెక్క కూడా చెప్పి అడగాలి. చట్టానికి కౌంటీ కార్యాలయం లైసెన్సుతో జరిగిన పెళ్లి చాలు, వైదికంగా మంచిరోజున మళ్లీ చేసుకోవచ్చు. వీసా రాకముందే కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టి, టికెట్లు కొని నష్టపోవద్దని కాన్సులేట్ కూడా చెబుతుంది. మహానందిలో అన్న మొక్కు తీరకుండా పోదు. అమెరికాలో పెళ్లయి, గ్రీన్‌కార్డు చేతికొచ్చాక దంపతులుగా వచ్చి స్వామికి కల్యాణం చేయించుకోవచ్చు. మొక్కు ముందే తీర్చాలన్న పట్టుదల ఉంటే కె-1 వద్దనుకుని, ఇక్కడ శాస్త్రోక్తంగా పెళ్లి చేసి, ఆంధ్రప్రదేశ్ 2002 చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించి, భార్యగా ఐ-130 పిటిషన్ మీద పంపండి. ఆ దారిలో ఆమె అడుగుపెట్టేది శాశ్వత నివాసిగానే, ఉద్యోగానికి వేరే అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంటి పట్టింపులు బలంగా ఉన్నవాళ్లకు ఈ రెండో దారే మేలు.

కె-1 అనే నిర్ణయించుకుంటే, ఫైలు అమ్మాయి చేతిలో పెట్టండి. నంద్యాల నుంచి ముంబైకి గుంతకల్లు మీదుగానో ఎర్రగుంట్ల మీదుగానో రైలెక్కే రోజుకు తండ్రి సంచిలో ఉన్న ఫైలు ఆమెకు కొత్తగా ఉండకూడదు. అబ్బాయి వేసిన ఐ-129ఎఫ్ నకలు తెప్పించి, ఇంట్లో కూర్చోబెట్టి మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా ఆమెతో చదివించండి. అందులో అతను రాసినవి, ఆమె డీఎస్-160లో రాసినవి ఒకటిగా ఉన్నాయో లేదో ఆమే సరిచూడాలి. అసలు కాగితాలు ఒక కవరులో, జిరాక్సులు రెండు సెట్లు ఇంకో కవరులో, పాస్‌పోర్టు ఆమె సొంత చేతిసంచిలో ఉండాలి. ఆ కాన్సులేట్ గుమ్మం దగ్గర ఫోను బయట వదిలేయాలి. తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. ఇంటర్వ్యూ కిటికీ ముందు నిలబడి, అడిగిన ప్రతి కాగితం తీసి ఇవ్వాల్సింది ఆమె ఒక్కతే.